మూసిన షట్టర్ల వీధి

గౌతమి తన ప్రయాణమంతటి బురదనూ మోసుకొచ్చి సముద్రునికి అప్పగించబోయే చివరి మలుపు దగ్గర, ఫ్రెంచివారు ఓడలెక్కి వచ్చి జెండా పాతి, వీధులు గీసి, తమ గుడికి గంట కట్టి, ఒకనాడు అన్నిటినీ ఉన్నవున్నట్టే వదిలి వెళ్లిపోయిన తరువాత, ఉప్పెనలు ఊరిని ఎన్నోమార్లు కడిగి వెనక్కి మళ్లిన తరువాత, వరిచేలు చెరువులై ఆ చెరువుల్లో లక్ష్మీదేవి రొయ్య రూపమెత్తిన తరువాత, నది మీద వంతెన పడి అవతలి ఒడ్డు దాహమంతా సాయంకాలమయ్యేసరికి ఇవతలి ఒడ్డుకు బండ్ల మీద తరలిరావడం అలవాటైన తరువాత, అంటే కాలం యానాం మీద చేయదలచిన పనులన్నీ దాదాపు చేసి ముగించిన తరువాత, కోనసీమ పల్లెలో పుట్టి, నలభై దాటి, చెవుల దగ్గర జుట్టు నెరసి, ఒక్క కోరిక తప్ప తక్కిన కోరికలన్నీ చల్లారిన దుర్గాప్రసాద్ ఒక భాద్రపద మాసాన ఆ ఊరికి బదిలీ మీద వచ్చాడు.

ఆ ఒక్క కోరిక పెద్దదేమీ కాదు. భార్య శిరీష, కూతురు సాయిదివ్య, తాను ఒక్క చూరు కింద ఉండాలని.

అతడు రొయ్యల మేత అమ్మే ఒక సంస్థలో గోదాము చూసుకునే ఉద్యోగి. సంస్థ అతణ్ణి భీమవరం వైపు కొన్నాళ్లు, నెల్లూరు వైపు కొన్నాళ్లు తిప్పింది. భార్యాబిడ్డలు పల్లెలోనే ఉండిపోయారు. పక్షానికొకసారి ఇంటికి వెళ్లే తండ్రికి కూతురు మంచినీళ్లు తెచ్చి ఇచ్చేది. ఇంట్లోవాళ్లు తాగే గ్లాసులో కాదు, బీరువా పైఅరలో చుట్టాల కోసం దాచిన గ్లాసులో. ఆ పిల్ల అది మర్యాదనే అనుకుంది. ఆ గ్లాసు అందుకున్నప్పుడల్లా అతని గుండెలో ఏదో కలుక్కుమనేది.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వంశపారంపర్యంగా శాకాహారి, సంధ్య తప్పనివాడు, మడి కట్టకుండా దేవుని గూట్లో చేయి పెట్టనివాడు అయిన ఈ మనిషి జీవనమంతా ఎండు చేపల పొడి మీద నడుస్తోంది. రొయ్యల మేతలో అదే ప్రధానం. మేత బస్తాల నడుమ పగలంతా తిరిగి, సాయంత్రం పసుపూ సున్నిపిండీ పెట్టి ఒళ్లు తోముకునేవాడు. ఒంటి వాసన పోయేది. చొక్కా వాసన పోయేది కాదు. ఆ చొక్కాను గుమ్మం బయటి కొక్కేనికి తగిలించి, అది తనది కానట్టు లోపలికి నడిచేవాడు. తన అన్నంలో ఉన్న వాసన మనిషికి తెలియదు. పక్కవాడి అన్నంలోది తెలుస్తుంది. అతడు లోకానికి భిన్నమైనవాడేమీ కాడు.

యానాం బదిలీ వార్త వినగానే శిరీష ఫోనులో ఒకే మాట అన్నది. "ఇల్లు ఎంత చిన్నదైనా సరేనండీ. పొద్దుగూకాక గుమ్మంలో దీపం పెట్టుకోవాలి. మన దివ్య ట్యూషన్ నుంచి సైకిలు మీద ఒక్కర్తీ రావాలి. ఆ రెండూ జరిగే వీధి చూడండి. లేదంటే మేం ఇక్కడే ఉంటాం, మీరు వచ్చి పోతూ ఉండండి."

వచ్చి పోతూ ఉండడమంటే మళ్లీ ఆ గ్లాసే. దుర్గాప్రసాద్ మరునాడే ఇళ్లు చూపే వెంకన్నను పట్టుకున్నాడు.

వెంకన్న సన్నగా, నూనె రాసిన తల దువ్వుకుని, ఎప్పుడూ నవ్వుతూ ఉండే మనిషి. ఆ నవ్వులో వెచ్చదనం లేదు, వెలుగు లేదు. సంతలో తూకపురాయి మీద మెరిసే మెరుపు వంటిదేదో ఉంది. దేవీ నవరాత్రులు జరుగుతున్నాయి. మహర్నవమి నాటి మధ్యాహ్నం అతడు దుర్గాప్రసాద్‌ను నది పక్కనున్న అడవిపొలం పేటకు తీసుకువెళ్లాడు.

"నవమి కదా వెంకన్నా. నేనీ రోజు మాట ఇవ్వను. ఊరికే చూస్తానంతే."

"చూడ్డానికి తిథేంటండి ప్రసాదు గారూ! కళ్లకి నవమీ దశమీ ఉంటాయా? రండి, మేడ మీద వాటా. నది గాలి ఒకటే కొడతాదండి."

గాలి నిజంగానే కొట్టింది. పక్క దొడ్డిలో తీగల మీద ఆరేసిన చేపల వాసనను మోసుకొచ్చి కొట్టింది. ఇంటి ద్వారం దక్షిణానికి ఉంది. ఇంటావిడ ఆరోగ్యమ్మ, అరవై ఏళ్ల మనిషి, చేపల బేరం చేసి పిల్లలను ఒడ్డెక్కించి, మేడ కట్టుకుని, మెడలో శిలువ గొలుసుతో, బొడ్లో తాళంచెవుల గుత్తితో నిటారుగా నడిచే మనిషి. గదులు తెరిచి చూపిస్తూ అతణ్ణే చూసింది తప్ప గోడలను చూడలేదు.

"ముక్కు మూసుకుంటున్నారేంటి బాబూ, పడిసమా?"

"అబ్బే, ఏం లేదండీ."

"తవరేం చేస్తారు?"

"రొయ్యల మేత కంపెనీలో..."

ఆరోగ్యమ్మ పెదవి బిగించి, నవ్వు మింగేసింది. ఆ మింగిన నవ్వు దుర్గాప్రసాద్ చూశాడు. అతనికి నచ్చలేదు.

తిరిగి వస్తుండగా వీధి మొదట్లో నలుగురు ఆడవాళ్లు పీటలు వేసుకుని రొయ్యలు ఒలుస్తున్నారు. వెనకే దిగివచ్చిన ఆరోగ్యమ్మ కూడా వాళ్ల మధ్య కూలబడింది. అతడు పంచె కొస ఎత్తిపట్టి వాళ్లను దాటాడో లేదో, వెనుకనుంచి ఒక బేసిను నిండా నీచు నీళ్లు అతని పక్కగా ఎగిరి రోడ్డు మీద పడ్డాయి. చుక్కలు పంచె మీద చిందాయి. ఎవరో బండి ఎక్కి పారిపోతున్న చప్పుడు, ఆడవాళ్ల నవ్వు ఒక్కసారే వినపడ్డాయి.

"అయ్యో, తవరి మీద కూడా పడ్డాయా! కాస్త పక్కకి జరగండి బాబూ, ఇంకో బేసిను ఉంది," అన్నది ఆరోగ్యమ్మ.

అతడు వెనుదిరిగి చూడలేదు. బసకు చేరి తలస్నానం చేసి, జందెం మార్చి, ఆ పంచెను మళ్లీ కట్టనని నిశ్చయించుకున్నాడు. దక్షిణ ద్వారం, నవమి తిథి, నీచు నీళ్ల అభిషేకం! తన బిడ్డను ఆ వీధిలోకి తెస్తాడా? అడవిపొలం పేరు అతని మనస్సులో ఆనాటితో మూసుకుపోయింది.

మరునాడు విజయదశమి. వెంకన్న ముఖం వెలిగిపోతోంది. "ఇవాళ చూపిస్తానండి తవరికి, ఇల్లంటే ఏంటో."

బైపాసుకు అవతల కొత్తగా వెలసిన కాలనీ అది. వీధి వెడల్పుగా ఉంది. ఇల్లు తూర్పు ముఖం. గుమ్మానికి అటూ ఇటూ అరుగులు. ఎదురు వరుసలో కొట్లన్నీ షట్టర్లు దించి ఉన్నాయి. షట్టర్లకు బంతిపూల దండలు, పసుపు బొట్లు, మామిడాకులు. పైన బోర్డులను కప్పుతూ ఈ చివరినుంచి ఆ చివరికి దసరా శుభాకాంక్షల ఫ్లెక్సీలు, వాటి మీద సింహవాహిని అయిన తల్లి. రోడ్డు కడిగి ఉంది. మనుషుల సవ్వడి లేదు. ఎక్కడో మైకులో లలితా పారాయణం వినిపిస్తోంది. దుర్గాప్రసాద్‌కు కళ్లు చెమర్చాయి.

"ఎదురుగా అవేం కొట్లు?"

"షాపులండి. పండగ కదండి, కట్టేశారు. బేరం బాగా ఉన్నోళ్లు. పూజా అదీ ఘనంగా చేస్తారండి, చూశారుగా దండలు."

ఒక్క అక్షరం అబద్ధం లేదు. అపరాహ్ణంలో విజయ ముహూర్తం చూసుకుని దుర్గాప్రసాద్ ఇంటి అడ్వాన్సు వెంకన్న చేతిలో పెట్టాడు. ఆ రాత్రి శిరీషతో ఫోనులో, "అగ్రహారంలా ఉందే వీధి. అమ్మవారే చూపించింది," అన్నాడు.

శిరీష సామాన్లతో తెల్లవారకముందే వచ్చాక పంచాంగం చూసి పాలు పొంగించారు. కొత్త పొయ్యి, కొత్త గిన్నె, తూర్పు ముఖంగా దివ్య. పాలు నురగ కట్టి అంచు దాటిన సరిగ్గా ఆ నిమిషంలో, ఎదురు వరుసలో ఒక షట్టరు గరగరమని లేచింది. దాని వెంట రెండోది. దాని వెంట తక్కినవన్నీ. పండుగ ఫ్లెక్సీలు ఎప్పుడో ఊడదీశారు. ఎండలో బోర్డులు మెరిసిపోతున్నాయి. షట్టరు పూర్తిగా లేవక ముందే దాని కిందనుంచి కొందరు చేతులు చాపుతున్నారు, కొందరు లేచేదాకా ఆగలేక వంగి దూరుతున్నారు.

"ఏమండీ," అన్నది శిరీష పొంగిన పాలవైపు చూడకుండా, "ఏం షాపులన్నారు?"

ఆ ఏడు విజయదశమి, గాంధీ జయంతి ఒక్కనాడే పడ్డాయి. గాంధీ జయంతికి మద్యం కొట్లు మూసి తీరాలి. సంవత్సరంలో అటువంటి రోజులు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. తిథి, వారం, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం అన్నీ చూసుకున్న దుర్గాప్రసాద్ గోడకు వేలాడే కేలండరు మాత్రం చూసుకోలేదు. వీధి నోరు మూసుకున్న ఒక్కగానొక్క రోజు చూసి, ఆ మూసిన నోటిని మౌనవ్రతం అనుకున్నాడు.

ఫోనులో వెంకన్న ఏమాత్రం తడబడలేదు. "నేనేమన్నా అబద్ధం ఆడానా సార్? షాపులన్నాను. షాపులే కదండి? పండగన్నాను. పండగే కదండి? మందు షాపులు కావని నేనన్నట్టు మీకేమైనా గుర్తుందా?"

కలిపురుషుడు కూడా ఒకప్పుడు ఇల్లు వెతుక్కున్నాడని పురాణం. నీ రాజ్యంలో నేనెక్కడ ఉండాలని దీనంగా అడిగితే, జూదం ఆడేచోట, మద్యం తాగేచోట ఉండమని మొదలుపెట్టి, ఒక ధర్మాత్ముడైన రాజు అతనికి నివాసాలు చూపాడట. రాజు చూపిన ఇంట్లో కలి సుఖంగా ఉన్నాడు. దాని ఎదురింట్లో దుర్గాప్రసాద్ అద్దెకు దిగాడు.

ఆ తరువాతి దినాల అసహ్యాన్ని మాటల్లో పెట్టడానికి కలం వెనకాడుతుంది. తెల్లవారుజామున శిరీష కళ్లాపి చల్లడానికి తలుపు తీస్తే గుమ్మం ముందు ఎవడో కక్కిన కక్కు. నీళ్లు కొట్టి, చీపురుతో తోసి, పసుపు చల్లి, దాని మీద ముగ్గు. పది గంటలకు షట్టర్లు. మధ్యాహ్నానికి అరుగుల మీద ప్లాస్టిక్ గ్లాసులు, నీళ్ల పొట్లాలు, ఉప్పు చల్లిన శనగలు. సాయంత్రానికి కోడిముక్కల బళ్లు, ఆ మసాలా పొగ, ఇక్కడ మందు చవకని వంతెన దాటి వచ్చిన బళ్లు రోడ్డుకు అడ్డంగా. పక్కగోడను తడపకుండా ఉంటారని దాని మీద వినాయకుడి పటమున్న పలక అతికిస్తే ఆ పలకకు అటొకడు ఇటొకడు నిలబడ్డారు. దివ్య సైకిలుకు గాలి తగ్గిపోయింది, తొక్కేవాళ్లు లేక. ట్యూషన్ నుంచి దుర్గాప్రసాద్ ఆ పిల్లను బండి వెనక ఎక్కించుకుని, కళ్లు మూసుకోమని చెప్పి తెచ్చేవాడు.

"నాన్నా, కళ్లు మూసుకుంటే వాసన ఇంకా ఎక్కువొస్తోంది," అన్నది ఒకనాడు.

అతనికి అన్నం సహించడం మానింది. గుళ్లో తీర్థం పుచ్చుకుంటున్నా ఆ పులిసిన కంపే ముక్కులో తిరిగేది. మనుషులను చూస్తే రోత, వెంకన్న నవ్వు తలచుకుంటే రోత, అద్దంలో తన బొట్టు చూసుకుంటే అంతకన్న రోత. ఆ బొట్టు పెట్టుకున్న తలే కదా ఈ వీధిని అగ్రహారమన్నది!

కార్తిక మాసం వచ్చింది. పాడ్యమి నాటి సంధ్యవేళ శిరీష తల తుడుచుకుని, ఆవునేతితో ప్రమిద నింపి, వత్తి వేసి, గుమ్మం పక్కన వెలిగించింది. దివ్య పువ్వు పెట్టింది. దుర్గాప్రసాద్ కళ్లు మూసుకుని స్తోత్రం మొదలుపెట్టాడు. కళ్లు తెరిచేసరికి ఒక మనిషి దీపం ముందు వంగి ఉన్నాడు. మంచి బట్టలు, చేతికి గడియారం, కాళ్లు నిలవడం లేదు. నోట్లో బీడీ. ఆ బీడీని దీపశిఖకు ఆనించి, బుగ్గలు లోపలికి పీల్చి, ముట్టించుకున్నాడు.

"ఏమనుకోకండమ్మా, అగ్గిపెట్టి పడిపోయింది," అన్నాడు మర్యాదగా. అన్నాక చేతులు జోడించి దీపానికి దండం పెట్టి, వేళ్లు కళ్లకద్దుకుని, తూలుతూ వెళ్లిపోయాడు.

తిడితే తిట్టవచ్చు, కొడితే కొట్టవచ్చు. దండం పెట్టినవాణ్ణి ఏం చేయాలి? దివ్య తల్లి కొంగు పట్టుకుంది. శిరీష వంగి దీపాన్ని కొండెక్కించి, ప్రమిద లోపలికి తీసుకువెళ్లి, తలుపు వేసింది. ఏడవలేదు. అదే అతణ్ణి భయపెట్టింది.

"పౌర్ణమి దాకా చూస్తానండీ," అన్నది. "పున్నమి దీపాలు ఎంగిలి చేయించుకోను. ఆలోగా వీధి దొరికితే సరే. దొరక్కపోతే దివ్యా నేనూ మా ఊరు వెళ్లిపోతాం. మీరు వచ్చి పోతూ ఉందురు గాని."

మళ్లీ ఇళ్ల వేట. వెంకన్న నవ్వు మారలేదు. ఫరంపేటలో ఒక ఇంటి యజమాని మూడు తరాల గోత్రప్రవరలు అడిగి, ఆచారం గురించి చాలాసేపు మాట్లాడి, చివర దొడ్లోకి తీసుకువెళ్లి, "సాయంత్రాలు మనవాళ్లు నలుగురం ఇక్కడ కూర్చుంటాం. బయటివాళ్లెవరూ రారు. మీరూ చేరవచ్చు," అని రెండు వేళ్లతో సీసా వంపి చూపాడు. దరియాలతిప్ప దారిలో ఇంకొక ఇల్లు, మోకాలెత్తున గోడలన్నిటికీ కొత్త రంగు; పైనంతా పాత రంగే. "వరద మరకలండి, కానీ ఇప్పుడు కనపడవు కదండి," అన్నాడు వెంకన్న గర్వంగా. ఆ తరువాత చూసినవి చెప్పడం అనవసరం. ప్రతి గోడకూ ఒక కొత్త రంగు ఉంది. ప్రతి నవ్వు వెనకా ఒక పాత మరక ఉంది.

పౌర్ణమి ముందటి ఆదివారం దుర్గాప్రసాద్ పంచాంగం తిరగేస్తున్నాడు. శిరీష దాన్ని చేతిలోంచి తీసుకుని గూట్లో పెట్టింది.

"మీరు మంచిరోజు చూసుకుని వెళ్లారు. మంచిరోజున అన్ని వీధులూ మంచిగానే ఉంటాయి. మన పిల్ల రోజూ బతకద్దూ? ఈ ఊరికి అన్నిటికన్నా పాడు రోజేది?"

"ఆదివారమే. అవతలి ఒడ్డంతా ఇక్కడే ఉంటుంది."

"పాడు వేళ?"

"దీపాల వేళ."

"అయితే పదండి. ఇప్పుడే. ఆ వెంకన్నని పిలవద్దు. ఇల్లు చూడద్దు, గోడలు చూడద్దు. ఏ వీధిలో ఆడపిల్లలు బయట ఆడుకుంటున్నారో అది చూద్దాం."

ముగ్గురూ బయలుదేరారు. దివ్య సైకిలుకు గాలి కొట్టించి నడిపించుకుంటూ వచ్చింది. ఒక వీధి, దాని పక్క వీధి. తలుపులు వేసి ఉన్నాయి, కిటికీల వెనక టీవీల వెలుగు, బయట బండ్లు, బూతులు. ఒకచోట గుడి ఉంది. గుడి ప్రహరీకి ఆనుకుని సీసాలున్నాయి. దుర్గాప్రసాద్ నడక అంతకంతకూ కుంగింది. నది వైపు మళ్లేసరికి గాలిలో వాసన మారింది. అతనికి తెలిసిన వాసన. ఆగిపోయాడు.

"ఇటు వద్దు శిరీషా. ఇటంతా నీచు."

"ఆగండి," అన్నది శిరీష. "వినండి."

సైకిలు గంటలు. ఒకటి కాదు, అయిదారు. పరికిణీలవాళ్లు, చుడీదార్లవాళ్లు, వీధి ఈ చివరినుంచి ఆ చివరికి చీకటి పడుతున్నా సైకిళ్లు తొక్కుతున్నారు. ఒక పిల్ల రెండు చేతులూ వదిలేసి తొక్కుతోంది. వీధి మొదట్లో పీటల మీద ఆడవాళ్లు, రొయ్యల గుట్టలు, బేసిన్లు. వాళ్ల దగ్గరే తెల్లచీర కట్టి, చేపలు తాకకుండా కాస్త ఎడంగా కుర్చీలో కూర్చున్న ఆరోగ్యమ్మ.

అంతలో ఒక బండి వచ్చి ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడు గోడవైపు తిరిగి నడుము మీద చేయి వేశాడు. పీట మీది ఆడది లేవలేదు, అరవలేదు. పక్కనున్న బేసిను ఎత్తి, అలవాటైన చేత్తో విసిరింది. నీచు నీళ్లు వాడి వీపు నిండా పడ్డాయి.

"నీ యమ్మ..."

"అమ్మనేరా, రా! ఇంకో బేసిను ఉంది!" అన్నది రెండోది. వీధంతా నవ్వింది. ఆ కంపుతో ఏ కొట్టుకీ వెళ్లలేక, ఇంటికీ వెళ్లలేక, ఇద్దరూ బండెక్కి పారిపోయారు.

దుర్గాప్రసాద్‌కు నవమి నాటి మధ్యాహ్నం గుర్తొచ్చింది. ఎగిరి పడిన నీళ్లు, వెనక బండి మీద ఎవడో పారిపోయిన చప్పుడు. ఆ నీళ్లు తన కోసం కాదు. మరునాడు కొట్లు మూస్తారని ఊరంతా ఎగబడి ముందుగా తాగిన రోజది. వీధిలోకి వచ్చినవాణ్ణి ఆ ఆడవాళ్లు తరిమారు. తాను వాడికీ బేసినుకూ నడుమ పంచె ఎత్తి నడిచాడు.

ఆరోగ్యమ్మ అతణ్ణి పోల్చింది. "పడిసం తగ్గిందా ప్రసాదు గారూ?"

శిరీష ముందుకు వచ్చి నమస్కారం పెట్టింది. "మేడ మీద వాటా ఉందా అండీ ఇంకా?"

"ఉంది తల్లీ. చాలామంది వచ్చారు. నాకు నచ్చలేదు." ఆవిడ దుర్గాప్రసాద్‌ను తల నుంచి కాళ్ల దాకా చూసింది. "మీ ఆయనకి మా వాసన నచ్చలేదు. రొయ్యల మేత అమ్మి తెచ్చే జీతం మాత్రం సాంబ్రాణి వాసనొస్తాది కాబోలు. ఏం బాబూ, తవరి చొక్కా ఇంట్లోకి తీసుకెళ్తారా, బయటే తగిలిస్తారా?"

ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. శిరీష కూడా నవ్వాపుకోలేకపోయింది. "బయటేనండీ," అన్నది.

ఆ తరువాత శిరీష దీపం సంగతి చెప్పింది. బీడీ, దండం, అన్నీ. చెబుతుంటే పీటల మీద చేతులు ఆగిపోయాయి. ఆరోగ్యమ్మ ముఖంలో పరిహాసం పోయింది.

"ఇయ్యాళ మాకు సమాధుల పండగమ్మా," అన్నది మెల్లగా. "మా ఆయనకీ, మా పెద్దోడికీ కొవ్వొత్తులు ఎలిగించి ఇప్పుడే వచ్చాను. ఆ కొవ్వొత్తికి ఎవడైనా బీడీ ముట్టించుంటే..." బొడ్లో తాళంచెవులు తడుముకుని, "తాళాలు ఇస్తాను. కానీ ఒక షరతు. ఈ ఈధిలో ప్రతి ఇంటి ఆడమనిషీ వారానికో సాయంత్రం ఇక్కడ కూర్చోవాలి. పెద్దింటోళ్లం, మడి అంటే కుదరదు. అలా కూర్చునే ఒకప్పుడు ఇక్కడ మందు కొట్టు పడకుండా ఆపాం. ఈ పీటలు లేచాయంటే ఆ షట్టర్లు ఇక్కడా లేస్తాయి," అన్నది.

రొయ్యల గుట్టల పక్కన, నీచు బేసిన్ల నడుమ, తన ఇల్లాలు! దుర్గాప్రసాద్‌కు రోత పుట్టింది. ఆ రోత నిజం. దాన్ని దాచి చెబితే కథ అబద్ధమవుతుంది. "ఆవిడ బదులు నేను కూర్చుంటానండీ," అన్నాడు.

"మగాళ్లు కూర్చుంటే పేకలు తీస్తారు బాబూ," అన్నది ఒకామె. "ఆ ఎనకే సీసా."

"నేను కూర్చుంటాను," అన్నది శిరీష. "రొయ్యలు ముట్టను. వత్తులు చేసుకుంటూ కూర్చుంటాను. బేసిను మాత్రం నా పక్కన పెట్టండి."

"ఇసరగలవా?"

"కొన్నాళ్లుగా కక్కులు కడుగుతున్నానండీ. ఇక విసరడమొకటే మిగిలింది."

ఆరోగ్యమ్మ బొడ్లోంచి తాళంచెవుల గుత్తి తీసింది. దుర్గాప్రసాద్ దివ్య కోసం వెనుదిరిగి చూశాడు. పిల్ల అక్కడ లేదు. ఒక్క క్షణం అతని ప్రాణం ఎగిరిపోయింది. అప్పుడు వీధి అటు చివరినుంచి, చీకట్లోంచి, బిడ్డ సైకిలు గంట కొట్టుకుంటూ వస్తోంది. పక్కన పేరు తెలియని ఇంకొక పిల్ల. ఇద్దరూ తండ్రిని చూడకుండానే దాటిపోయారు.

పౌర్ణమి నాడు సామాను దింపారు. ముహూర్తం చూడలేదు. చూడలేదని శిరీష అనుకుంటోంది. పొద్దున్నే అతడు గూడు దగ్గర కాసేపు తచ్చాడిన మాట నిజం. దక్షిణ ద్వారానికి పసుపు రాశారు. పాలు పొంగాయి, ఏ షట్టరూ లేవలేదు, కింద ఆరోగ్యమ్మ కోళ్లు మాత్రం అరిచాయి. పొద్దుగూకి, నది మీద చంద్రుడు లేచి, శిరీష దీపాలు వరుసగా పెట్టింది. గాలి కొట్టింది, చేపల వాసన కొట్టింది. దుర్గాప్రసాద్ ముక్కు చిట్లించాడు. ఇకముందు కూడా చిట్లిస్తాడు; మనిషి రోత ఒక్క నెలలో వదిలేది కాదు, వదలాలని ఎవరూ అడగలేదు కూడా. మేత వాసన కొట్టే చొక్కాను విప్పి, బయటి కొక్కేనికి తగిలించబోయి, ఆగి, లోపలికి తెచ్చి గదిలో తగిలించాడు. దివ్య నీళ్లు తెచ్చి ఇచ్చింది. అతడు గ్లాసు చూశాడు. అంచు కాస్త సొట్టపోయిన, ఇంట్లో అందరూ తాగే స్టీలు గ్లాసు.

బైపాసు అవతలి వీధిలో ఆ ఇల్లు ఇప్పుడు ఖాళీగా ఉంది. షట్టర్లు రోజూ లేస్తున్నాయి. వాటిని మూసే రోజు మళ్లీ వస్తుంది, దండలు కడతారు, వెంకన్న ఇంకొక అమాయకుణ్ణి తీసుకువెళ్లి అబద్ధం ఆడకుండా చూపిస్తాడు. ఆ తలపుకు ఈ కథలో ఊరట లేదు.

కాని మేడ మీది ఆ ముగ్గురికీ మంగళం కలుగుగాక. దక్షిణం వైపు తెరుచుకున్న ఆ ద్వారంలో దీపం ఏ గాలికీ తల వంచకుండుగాక, దానికి వంగే తలలు భక్తితోనే వంగుగాక. శిరీష చేతుల్లో వత్తులు తరగకుండుగాక, ఆమె బేసిను అక్కర రాకనే నిండి ఉండుగాక. సాయిదివ్య సైకిలు గంట సందెచీకట్లో కూడా నిర్భయంగా మోగుగాక. చుట్టాల గ్లాసు ఆ ఇంటి పైఅరలో చుట్టాల కోసమే మిగులుగాక. దుర్గాప్రసాద్‌కు పక్కవాళ్ల అన్నపు వాసన తెలిసినంత స్పష్టంగా తన ఇరుగుపొరుగు మనసు తెలియుగాక. గౌతమి ఎంత పొంగి వచ్చినా ఆ వీధి మొదట్లోనే కాళ్లు కడుక్కుని, పీటల మీది తల్లులకు నమస్కరించి, వెనుదిరిగి పోవుగాక.